పాత బస్టాండ్ ఎవరిది? (గవర్నర్‌పేట రాతలు – 9)



ఈసారి ఒక జీవో గురించి మాట్లాడుకుందాం. 2025 జులై చివర్లో వచ్చింది. విజయవాడ గవర్నర్‌పేటలో ఆర్టీసీ పాత బస్టాండ్ స్థలం 4.15 ఎకరాలను షాపింగ్ మాల్ కట్టుకోడానికి లులు కంపెనీకి కేటాయిస్తున్నామని అందులో ఉంది. లీజు 99 ఏళ్ళు. కంపెనీ పెట్టే పెట్టుబడి 156 కోట్లు. ఆర్టీసీకి బదులు స్థలం ఇంకోచోట ఇస్తారట. దీంతోపాటే విశాఖ సముద్రపు ఒడ్డున ఇంకో 13 ఎకరాల చిల్లర కూడా అదే కంపెనీకి.

ఆర్టీసీ యూనియన్లు వద్దన్నాయి. వామపక్షాలు నిరసన చేశాయి. ఆ భూమి మార్కెట్ ధర ఎంత, కంపెనీ కట్టే అద్దె ఎంత అని పేపర్లలో లెక్కలు వచ్చాయి. ఆ లెక్కలు అడగాల్సిందే. కానీ ఏ పేపర్లోనూ రాని లెక్క ఒకటి ఉంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొన్న హాస్టల్ పిల్లలతో కూర్చున్నప్పుడు డిగ్రీ చదివే ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, పాత బస్సుల షెడ్డు పోయి మాల్ వస్తే మనకేంటి నష్టం? ఉద్యోగాలొస్తాయి కదా. మన పిల్లలకీ వస్తాయి కదా. అన్నిటికీ వద్దంటే ఎట్లా?"

మంచి ప్రశ్న. ఆ తమ్ముణ్ణి కోప్పడితే సమాధానం చెప్పినట్టు కాదు. కాబట్టి మొదటినుంచీ చెప్తాను.

1990లో పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ కట్టేదాకా బెజవాడకి బస్టాండ్ అంటే ఈ గవర్నర్‌పేటదే. కొత్తది వచ్చాక ఇది పాత బస్టాండ్ అయింది. గవర్నర్‌పేట ఒకటో డిపో, రెండో డిపో ఇక్కడే నడిచాయి. ఇక్కణ్ణుంచి బీసెంట్ రోడ్డుకి నడిచిపోవచ్చు, ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులకి నడిచిపోవచ్చు. డెల్టా ఊళ్ళ నుంచి వచ్చిన మనిషికి ఈ ఊరి గుమ్మం ఇదే.

మా ఊరు పామర్రు అవతల. మాది మాదిగ గూడెం. నాట్లూ కోతలూ లేని రోజుల్లో మా అమ్మమ్మ గోంగూర మూట కట్టుకుని బెజవాడ వచ్చేది. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా వెనక రాడ్డు పట్టుకుని నిలబడేదట. తర్వాతి స్టాపులో మా ఊరి ఆసాములు ఎవరైనా ఎక్కుతారేమోనని భయం. ఒకరోజు కండక్టరు చూసి "మామ్మా, టికెట్టు కొన్నావుగా, కూర్చో. ఆయన కొన్నదీ అదే టికెట్టు" అన్నాడట. ఈ మాట మా అమ్మ మాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఆ కండక్టరు పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయనది ఏ కులమో కూడా తెలియదు. ఆ మాట అనడానికి ఆయనకి ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం నాకు తెలుసు. ఆ బస్సు మా ఊరి ఆసామిది కాదు.

ఇదే ఊళ్ళో పొలం గట్టు ఆసామిది. చెరువు మీద పెత్తనం ఆసామిది. రైసు మిల్లు ఆసామిది. కూర్చోవడానికి మా అమ్మమ్మకి హక్కున్న మొదటి చోటు ఆర్టీసీ బస్సు సీటు.

కారంచేడు జరిగినప్పుడు, 1985 జులైలో, మా గూడెం పెద్దలు చీరాల శిబిరానికి బయల్దేరింది ఈ పాత బస్టాండ్ నుంచే. రాత్రి బస్సు దొరక్క సిమెంటు బల్లల మీద పడుకున్నారు. లేవమన్నవాళ్ళు లేరు, ఏం కొన్నావని అడిగినవాళ్ళు లేరు. తమ్ముడూ, డబ్బుల్లేకుండా ఒక రాత్రి గడపగలిగే చోటు ఊరి నడిబొడ్డున ఉండటం చిన్న విషయం కాదు.

ఇక మా మేనమామ సంగతి. ఐటీఐ చదివి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌చేంజిలో పేరు రాయించుకున్నాడు. ఎస్సీ రోస్టర్ పాయింటులో పిలుపొచ్చింది. ఆర్టీసీ గ్యారేజీలో శ్రామిక్‌గా చేరాడు, మెకానిక్‌గా రిటైరయ్యాడు. మా గూడెంలో మొదటి డాబా ఆయనది. నెల మొదట్లో జీతం, పీఎఫ్, గ్రాట్యుటీ, ఇంట్లోవాళ్ళకి ఫ్యామిలీ పాసు. ఆ పాసు మీద తిరిగి ఆయన కూతురు డిగ్రీ చేసింది. మామయ్య పుస్తకాలు చదివిన మనిషి కాదు. కానీ ఆయన ఇంటి అరుగు మీద కూర్చునే మాకు యూనియన్ అంటే ఏంటో, చార్జి షీటుకి జవాబు ఎట్లా రాయాలో తెలిసింది. ఒక్క గవర్నమెంటు జీతం ఒక గూడెం మొత్తాన్ని ఎట్లా నిలబెడుతుందో మీ ఇళ్ళల్లోనూ చూసే ఉంటారు.

ఇప్పుడు ఆ తమ్ముడి ప్రశ్నకి వద్దాం. మాల్ వస్తే మన పిల్లలకి ఉద్యోగాలు రావా? వస్తాయి. మా పిన్ని కూతురికి వచ్చింది. సిటీలో ఒక పెద్ద బట్టల షోరూములో చేస్తోంది. పేరు చెప్పను, చెబితే రేపు దాని ఉద్యోగం ఉండదు. ఉదయం 10కి వెళ్తే రాత్రి తొమ్మిదిన్నర. చేతికొచ్చేది 11 వేలు. చీర మడతలు విప్పి చూపించడం, మళ్ళీ మడతపెట్టడం, రోజంతా నిలబడి. కౌంటర్ వెనక స్టూలు లేదు. కస్టమర్లు లేనప్పుడు కూడా కూర్చోకూడదు. కెమెరాలో చూస్తారు. రాత్రి ఇంటికొచ్చి వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటుంది.

ఈ కూర్చునే హక్కు కోసం కేరళలో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడారు. 2018లో అక్కడ చట్టం మార్చి సీటు ఇవ్వాల్సిందే అన్నారు. 2021లో తమిళనాడు కూడా అటువంటి చట్టం తెచ్చింది. మన రాష్ట్రం 2025లో పని గంటల చట్టాలను ముట్టుకుంది. ముట్టుకుని రోజు పరిమితిని 10 గంటలకి పెంచింది.

మా అమ్మమ్మకి బస్సులో దొరికిన సీటు ఆమె మనవరాలికి కౌంటర్ వెనక దొరకలేదు. మధ్యలో రెండు తరాలు గడిచాయి. రాజ్యాంగం అదే.

ఎందుకిట్లా? ఇక్కడ కొంచెం ఓపికగా చదవండి, ముఖ్యంగా పోటీ పరీక్షలకి పాలిటీ బట్టీపడుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ.

1923లో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే ఒక తీర్మానం పెట్టి నెగ్గించాడు. ప్రజాధనంతో కట్టిన, ప్రజాధనంతో నడిచే చెరువులు, బావులు, సత్రాలు, బడులు, ఆసుపత్రులు అంటరానివాళ్ళకి కూడా తెరవాలని. తీర్మానం కాగితం మీదే ఉంటే 1927లో బాబాసాహెబ్ మహద్ చెరువు దగ్గరికి జనాన్ని తీసుకెళ్ళి నీళ్ళు తాగాడు. మన పోరాటం మొదట్నుంచీ నిలబడ్డ నేల అదే: ఇది నలుగురి డబ్బుతో నడుస్తోంది, కాబట్టి ఇందులో మాకూ భాగముంది. తర్వాత రాజ్యాంగంలో 15(2) వచ్చింది. షాపులూ హోటళ్ళూ, ప్రభుత్వ డబ్బుతో నడిచే బావులూ చెరువులూ రోడ్లూ, వేటిలోనూ కులం పేరు చెప్పి ఎవర్నీ ఆపకూడదని. 16(4) వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇవ్వొచ్చని.

జాగ్రత్తగా చూడండి. 15(2) ప్రకారం మాల్ గేటు దగ్గర నిన్నెవడూ కులం పేరుతో ఆపలేడు. లోపలికి పోవచ్చు. కొనుక్కునేవాడిగా పోవచ్చు. కానీ 16(4) ఆ గేటు దాటి లోపలికి రాదు. అది ప్రభుత్వ కొలువుకే వర్తిస్తుంది. డిపో ఉన్నన్నాళ్ళు ఆ 4.15 ఎకరాల్లో ఇచ్చే ప్రతి పర్మనెంటు ఉద్యోగానికీ రోస్టర్ ఉంది. ఎస్సీలకి 15 శాతం, ఎస్టీలకి 6 శాతం. అదే నేల మీద మాల్ లేస్తే ఆ ఉద్యోగాలకి రోస్టర్ లేదు. సేల్స్, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ అన్నీ కంపెనీ ఇష్టం, ఏజెన్సీ ఇష్టం. అందులో మనవాళ్ళు ఎక్కువగా ఎక్కడ తేలతారో చెప్పడానికి సర్వే అక్కర్లేదు. ఏ మాల్‌కైనా వెళ్ళి బాత్రూము కడిగే అక్కని ఊరు, పేట అడగండి.

కాబట్టి తమ్ముడూ, రిజర్వేషన్ రద్దు చేస్తున్నామని ఏ ప్రభుత్వమూ చెప్పక్కర్లేదు. అది చెల్లే నేలని కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోతే చాలు. పుస్తకంలో హక్కు అట్లాగే ఉంటుంది. పరీక్షలో ప్రశ్నగా కూడా వస్తుంది.

ఇంకో చేదు మాట. 1994లో ఈదుమూడిలో దండోరా మోగినప్పటి నుంచీ ఆ 15 శాతంలో ఎవరి వాటా ఎంతని మాదిగలం, మాలలం ముప్పై ఏళ్ళు కొట్లాడుకున్నాం. నేను దండోరా జెండా మోసినవాణ్ణి, ఆ పోరాటం న్యాయమైనదని ఇప్పటికీ అంటాను. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు వర్గీకరణ చెయ్యొచ్చంది. 2025 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఆర్డినెన్సు వచ్చింది. 1, 6.5, 7.5 అని వాటాలు తేలాయి. నాలుగు నెలలు తిరక్కుండానే ఈ జీవో. వాటాలు పంచారు సరే, పంచాల్సిన అన్నం గిన్నె సంగతేంటి? ఈ ప్రశ్న మాలలూ మాదిగలూ రెల్లివాళ్ళూ కలిసి అడగాల్సింది. దీనికి వర్గీకరణ అడ్డం కాదు.

ఇక వినడం గురించి. ఇది మన కృష్ణా జిల్లా చరిత్రే, మనవాళ్ళలో చాలామందికి తెలియదు.

1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ పుట్టింది. అప్పటికి కోస్తాలో బస్సులన్నీ ప్రైవేటు యజమానులవి. బస్సు కొనాలంటే వెనక పొలమో మిల్లో ఉండాలి. డెల్టాలో అవి ఎవరి చేతుల్లో ఉన్నాయో చెప్పక్కర్లేదు. కృష్ణా జిల్లాలో రూట్లని ప్రభుత్వం తీసుకుంటామని స్కీము ప్రకటించింది. యజమానులు సుప్రీంకోర్టుకి పోయారు. గుల్లపల్లి నాగేశ్వరరావు వర్సెస్ ఏపీఎస్ఆర్టీసీ. లా చదివే ప్రతి పిల్లవాడూ ఈ కేసు చదవాల్సిందే, దేశమంతా.

ఆ కేసులో ఏం జరిగింది? యజమానుల అభ్యంతరాలు విన్నది శాఖ కార్యదర్శి. స్కీముకి ఒప్పుకుంటూ నిర్ణయం చేసింది ముఖ్యమంత్రి. 1958 నవంబరులో జస్టిస్ కోకా సుబ్బారావు తీర్పు రాశాడు. ఒకరు విని ఇంకొకరు నిర్ణయిస్తే ఆ వినడానికి అర్థం లేదని. స్కీము కొట్టేశారు. ప్రభుత్వం ఆ లోపం దిద్దుకుని మళ్ళీ వచ్చింది, ఈసారి ముఖ్యమంత్రే స్వయంగా విన్నాడు, రెండో కేసులో ప్రభుత్వం గెలిచింది, బస్సులు జనం పేరు మీదికి వచ్చాయి. కర్నూలు జిల్లా బస్సు రూట్ల కేసులో 1964లో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల మీద నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవికే రాజీనామా చేశాడు.

యజమానుల వ్యాపారాన్ని జనానికి ఇవ్వాలంటే అంత పద్ధతి ఉంది. నోటీసు, అభ్యంతరం, విచారణ, సుప్రీంకోర్టు. జనం బస్టాండుని వ్యాపారానికి ఇవ్వాలంటే? ఆ జీవో రాకముందు గవర్నర్‌పేటలో ప్రయాణికుల్ని పిలిచి "ఏమంటారు?" అని అడిగిన సభ ఒక్కటి నేను చూడలేదు. నేను ఈ వీధుల్లోనే తిరుగుతాను. యజమానికి వినిపించుకునే హక్కుంది, ఎక్కేవాడికి లేదు. ప్రభుత్వమూ వ్యాపారమూ మన రోజువారీ బతుకుని ఎట్లా నడుపుతాయని అడిగితే నా జవాబు ఇదే. మనం ఏ బస్సు ఎక్కాలో, ఎంతసేపు నిలబడాలో, ఎక్కడ కూర్చోవచ్చో తేల్చే గదిలో ఇద్దరే ఉంటారు. ఆ ఇద్దరిలో ఎవరూ పల్లెవెలుగు ఎక్కరు.

ఇది ఒక్క పార్టీ సంగతి అనుకోకండి. లులుకి విశాఖలో భూమి ఇచ్చింది ఒక ప్రభుత్వం. 2019లో దాన్ని రద్దు చేసింది ఇంకో ప్రభుత్వం. మళ్ళీ ఇప్పుడు ఇచ్చారు. రద్దు చేసిన ఆ ప్రభుత్వమే 2021లో గంగవరం పోర్టులో రాష్ట్రానికున్న 10.4 శాతం వాటాని అదానీకి అమ్మింది. బాబాసాహెబ్ విగ్రహం ఇదే బందరు రోడ్డు మీద, స్వరాజ్ మైదానంలో, 125 అడుగులు నిలబెట్టింది కూడా ఆ ప్రభుత్వమే, 2024 జనవరిలో. నేనూ వెళ్ళి దండం పెట్టుకున్నాను. కానీ ఆయన చూపుడువేలు ఎటు చూపిస్తోందో చూడకుండా ఎత్తు మాత్రం కొలిస్తే ఎట్లా?

ఇంకొకటి. జీవో వచ్చిన మూడు వారాలకి, 2025 ఆగస్టు 15న, స్త్రీశక్తి మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్ళకీ ట్రాన్స్‌జెండర్లకీ ఉచితం. మంచి పని. దాన్ని తప్పుపట్టేవాళ్ళతో నేను కొట్లాడతాను. మా అమ్మ ఇప్పుడు నెలకి రెండుసార్లు బెజవాడ వస్తోంది. పిన్ని కూతురికి చార్జీల డబ్బు మిగులుతోంది. అయితే ఎక్కేవాళ్ళు పెరిగినప్పుడు ఏం కావాలి? బస్సులు కావాలి, డ్రైవర్లు, మెకానిక్‌లు కావాలి, ఊరి నడుమ డిపో కావాలి. డిపో ఊరి బయటికి పోతే పొద్దున్నే బస్సు అక్కణ్ణుంచి మొదటి స్టాపు దాకా ఖాళీగా రావాలి. రాత్రి మళ్ళీ ఖాళీగా పోవాలి. ఆ ఖాళీ కిలోమీటర్ల డీజిల్ ఖర్చు ఆర్టీసీదే. ఖర్చు పెరిగితే మొదట కోతపడేది రాత్రి చివరి ట్రిప్పు. తొమ్మిదిన్నరకి షోరూము షట్టర్ దించాక మా పిల్ల ఎక్కేది ఆ చివరి ట్రిప్పే. అది పోతే ఆటో. ఆటోకి ఎంతవుతుందో, ఒంటరిగా ఆటో ఎక్కడమంటే ఏంటో ఆడపిల్లలకి నేను చెప్పక్కర్లేదు.

ఒక చేత్తో జీరో టికెట్టు, ఇంకో చేత్తో డిపో నేల. రెండూ ఒకే ప్రభుత్వం చేతులు. ఒకదానికి ఫ్లెక్సీ కట్టారు, రెండోదానికి కట్టలేదు.

ఆ తమ్ముడు "అన్నిటికీ వద్దంటే ఎట్లా" అన్నాడు కదా. సరే, వద్దనడంతో ఆగకుండా ఏం కావాలో చెప్తాను.

ఒకటి. ఆర్టీసీ స్థలం ఒక్క సెంటు లీజుకివ్వాలన్నా ముందు ఆ బస్టాండులోనే, బస్సులు తిరిగే వేళలో, బహిరంగ విచారణ పెట్టాలి. వినేవాడే నిర్ణయించాలి, ఎందుకు నిర్ణయించాడో రాసి అంటించాలి. బస్సు యజమానులకి 1958లో దక్కింది ప్రయాణికులకి ఇప్పుడైనా దక్కాలి.

రెండు. ప్రభుత్వ భూమి లీజు మీద ఏ కంపెనీ ఏం కట్టినా అక్కడి ఉద్యోగాలకి ఎస్సీ, ఎస్టీ, బీసీ రోస్టర్ లీజు షరతుగా ఉండాలి. నేల మాదైనప్పుడు నేల మీద నిలబడే షరతు కూడా మేం పెట్టొచ్చు. ఏజెన్సీ పేరుతో తప్పించుకోకుండా రాయాలి.

మూడు. షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే హక్కు చట్టంలో రావాలి. కేరళకీ తమిళనాడుకీ చేతనైంది మనకి చేతకాకపోవడానికి కారణం లేదు. షాపులు మూసే వేళకి బస్సు ఉండాలి.

ఇవి జరగాలంటే మన దగ్గర లెక్కలుండాలి. అందుకే సిటీలో ఉన్న విద్యార్థులకి ఒక పని చెప్తున్నాను. నలుగురు నలుగురు కలిసి ఒక నోటు పుస్తకం పట్టుకోండి. ఒక వారం రోజులు పొద్దున 6 నుంచి 9 దాకా, రాత్రి 9 నుంచి ఆఖరి బస్సు దాకా గవర్నర్‌పేట స్టాపుల్లో నిలబడండి. ఎవరు దిగుతున్నారు, ఏ ఊరి నుంచి, ఏం పనికి, ఆఖరి బస్సు నిజంగా ఎన్నింటికి వచ్చింది, ఎంతమంది ఎక్కలేక ఆగిపోయారు. పేర్లు రాయొద్దు, ఫొటోలు తీయొద్దు, బతిమాలి విసిగించొద్దు. చెప్పినవాళ్ళవి రాసుకోండి. ఇంకో ఇద్దరు సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. ఆర్టీసీ ఇప్పటిదాకా జిల్లాలో ఏయే స్థలాలు ఎవరికి, ఎన్నేళ్ళకి, ఎంత అద్దెకి ఇచ్చిందో, గత పదేళ్ళలో రోస్టర్ మీద ఎన్ని పర్మనెంటు పోస్టులు నింపిందో అడగండి. అర్జీ ఎట్లా రాయాలో రాకపోతే నా దగ్గరికి రండి, కూర్చుని రాద్దాం.

వచ్చిన లెక్కలతోనే పదో భాగం రాస్తాను. ప్రశ్న అడిగిన ఆ తమ్ముడే మొదటి బృందంలో ఉన్నాడు. రేపు పొద్దున ఆరింటికి కంట్రోల్ రూమ్ దగ్గర కలుస్తానన్నాడు.

జై భీమ్.